అవునన్నా, కాదన్నా ఆమెకే శిక్ష

సూరత్‌లో కాదన్నందుకు ఒక యువతి హతమైంది. హైదరాబాద్‌లో అవునన్నందుకు ఒక యువతి భర్త హతమయ్యాడు. రెండు నేరాల వెనకా ఉన్నది 'పరువు' పేరుతో మగవాడు దాచుకున్న ఆస్తే

ఆ సాయంత్రం వీధిలో జనం లేకపోలేదు. 2022 ఫిబ్రవరి 12న సూరత్ శివారులోని పాసోదరాలో 21 ఏళ్ల కాలేజీ విద్యార్థినిని ఒక యువకుడు ఆమె ఇంటి దగ్గరే ఒడిసి పట్టుకుని గొంతుకు కత్తి ఆనించాడు. అడ్డుకోబోయిన పెదనాన్న, తమ్ముడు అప్పటికే గాయపడ్డారు. చుట్టూ చేరినవారిలో కొందరు బతిమాలారు. కొందరు సెల్‌ఫోన్లు తీశారు. అందరూ చూస్తుండగానే ఆమె ప్రాణం పోయింది. ఆ దృశ్యం గంటల్లో రాష్ట్రమంతా పాకింది. ఆమె చేసిన తప్పల్లా ఆ యువకుడిని కాదనడమే.

గుజరాతీ పత్రికలు దీన్ని 'ఏకతరఫీ ప్రేమ్' అన్నాయి. అంటే ఒకవైపు ప్రేమ. ఇలాంటి సందర్భాల్లో తెలుగు పత్రికలు వాడే మాట 'ప్రేమోన్మాది ఘాతుకం'. రెండు మాటల్లోనూ ప్రేమ ఉంది. కానీ ప్రాసిక్యూషన్ కోర్టు ముందు ఉంచిన కథలో ప్రేమ పాలు తక్కువ. నెలల తరబడి వెంటపడటం, ఇంటివాళ్లు మందలించినా మానకపోవడం, నలుగురిలో తనను కాదన్న ఆడపిల్లకు నలుగురిలోనే బదులు చెప్పాలనుకోవడం అందులో కనిపిస్తాయి. ఏకాంతంలో చంపే అవకాశం కోసం అతను చూడలేదు. వీధి నడిబొడ్డునే ఎంచుకున్నాడు. పోయిందనుకున్న పరువు నలుగురి ముందు పోయినప్పుడు, దాన్ని తిరిగి రాబట్టడానికీ నలుగురు కావాలి.

విచారణ అసాధారణ వేగంతో సాగింది. మూడు నెలలు తిరగకుండానే మే 5న సూరత్ సెషన్స్ కోర్టు ఆ యువకుడికి మరణశిక్ష విధించింది.

సరిగ్గా దానికి ముందు రోజు, అంటే మే 4 రాత్రి, హైదరాబాద్‌లోని సరూర్‌నగర్‌లో మరో వీధిలో మరో హత్య జరిగింది. మూడు నెలల కిందటే పెళ్లి చేసుకున్న ఒక జంట బండి మీద వెళుతుండగా దుండగులు అడ్డగించి భర్తను కొట్టి, పొడిచి చంపారు. అతను దళితుడు, ఆమె ముస్లిం. అరెస్టయినవారిలో ఆమె సొంత అన్న ఉన్నాడు. కాపాడమని చుట్టూ ఉన్నవారి కాళ్లావేళ్లా పడ్డానని, ఎవరూ ముందుకు రాలేదని ఆమె తర్వాత మీడియాకు చెప్పింది. అక్కడా సెల్‌ఫోన్లే పనిచేశాయి.

సూరత్ యువతి ఒక మగవాడిని కాదంది. హైదరాబాద్ యువతి ఒక మగవాడిని అవునంది. మతాలు వేరు, కులాలు వేరు, భాషలు వేరు. అయినా ఇద్దరికీ దొరికిన జవాబు కత్తే. ముల్లు వచ్చి అరిటాకు మీద పడినా, అరిటాకు వచ్చి ముల్లు మీద పడినా నష్టం అరిటాకుకేనన్న సామెత మన ఇళ్లలో ఆడపిల్లలకు జాగ్రత్త చెప్పడానికి వాడతారు. ముల్లుకు జాగ్రత్త చెప్పే సామెత మాత్రం పుట్టలేదు.

మగవాళ్ల నగరం

సూరత్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా లింబాయత్, ఉధ్నా పరిసరాల్లో మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. సౌరాష్ట్ర నుంచి వచ్చిన పటేళ్లు వజ్రాలకు సానపడతారు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన యువకులు పన్నెండు గంటల షిఫ్టుల్లో మగ్గాలు నడుపుతారు. ఇల్లూ వాకిలీ ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన మగవాళ్లు లక్షల్లో ఉండే నగరమిది.

2011 జనాభా లెక్కల్లో ఆ సంగతి తేటతెల్లమైంది. సూరత్ జిల్లాలో ప్రతి వెయ్యిమంది పురుషులకు 787 మంది స్త్రీలే ఉన్నారు. వలసలే దీనికి కారణమని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆరేళ్లలోపు పిల్లల్లో కూడా వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 835 మందే. ఆ పిల్లలు మరమగ్గాల్లో పనికి వలస వచ్చినవారు కాదు కదా. ఆడపిల్ల పుట్టుకే వద్దనుకున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెబుతోంది.

అలాగని ఆడవారి కొరతే హింసకు మూలమనుకుంటే పొరపాటు. అదే లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో వెయ్యికి 954 మంది స్త్రీలున్నారు. సరూర్‌నగర్ హత్య ఆగలేదు. పేదరికం, పనిచోట అవమానాలు మగవాడిని ఇంట్లో పులిని చేస్తాయన్న వాదన కూడా కొంతదూరమే నడుస్తుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆస్పత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుడిని నరికి చంపారు. కిరాయి హంతకులతో బేరం కుదుర్చుకున్నట్టు పోలీసులు తేల్చిన మామ నిరుపేద కాదు, పట్టణంలో పేరున్న రియల్ ఎస్టేట్ వ్యాపారి. బేరం కోటి రూపాయలని పోలీసులు చెప్పారు. కూతురు కాపురం కంటే నలుగురిలో తన తల ఎత్తు ముఖ్యమైన తండ్రి కథ అది. 2020లో ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు ఒక నిందితుడికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.

ఇంటి పరువు ఎవరి చేతిలో

గుజరాతీలో 'ఆబరూ', హిందీ, ఉర్దూల్లో 'ఇజ్జత్', తెలుగులో 'పరువు'. ఏ భాషలో చూసినా ఈ మాట వాడకంలో ఒక తిరకాసు ఉంది. పరువు యజమాని మగవాడు. దాన్ని మోయాల్సింది మాత్రం ఆడది. కొడుకు అప్పులు చేసినా, తాగి పడిపోయినా 'వాడంతే' అని సర్దుకునే ఇల్లు, కూతురు ఎవరితోనో మాట్లాడిందని తెలిస్తే 'తలెత్తుకు తిరగలేం' అంటుంది. పోట్లాటకు వెనకాడే మగవాడిని 'గాజులు తొడుక్కున్నావా' అని ఎద్దేవా చేస్తారు. ఆడదానిలా ఉండటమే అవమానమైన చోట, ఆడది ఎదురు చెప్పడం ఇంకెంత అవమానమో వేరే చెప్పనక్కర్లేదు.

ధనం, భూమి, భార్య ఈ మూడూ కయ్యాలకు పుట్టినిళ్లని గుజరాతీలో ఒక నానుడి ఉంది. డబ్బు, పొలం పక్కన ఆలిని కూర్చోబెట్టిన వరస గమనించదగ్గది. ఆస్తిని దొంగిలించవచ్చు, పాడుచేయవచ్చు, కాపలా కాయవచ్చు. కానీ ఆస్తి తనంతట తాను ఫలానావారి దగ్గరికి వెళతాననదు, వెళ్లననదు. అది నోరు విప్పిన రోజున యజమాని దృష్టిలో తిరుగుబాటే.

ఈ లెక్క గుజరాత్‌లో ఎంత పాతదో చరిత్ర చెబుతుంది. సౌరాష్ట్రలోని జాడేజా రాజపుత్రుల ఇళ్లలో పుట్టిన ఆడశిశువులను చంపే ఆచారానికి 'దూధ్ పీతీ' అని ముద్దు పేరు. పాలు తాగించడమని దాని అర్థం. కూతురిని తమకంటే తక్కువ ఇంటికి ఇవ్వడం పరువు తక్కువ, ఎక్కువ ఇంటికి ఇవ్వాలంటే కట్నం బరువు. రెండింటికీ విరుగుడుగా పురిటిలోనే కథ ముగించేవారు. బరోడాలో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న అలెగ్జాండర్ వాకర్ 1808లో జాడేజా పెద్దల చేత ఆ పని మానుతామని ఒప్పంద పత్రాలు రాయించుకున్నాడు. అయినా ఆచారం పోలేదు. 1870లో ఆడశిశు హత్యల నిరోధానికి ప్రత్యేక చట్టం తేవాల్సి వచ్చింది. తర్వాతి శతాబ్దంలో పాల గిన్నె స్థానంలోకి స్కానింగ్ యంత్రం వచ్చింది.

సమాజం కూడా ఒక ఇల్లే

కుటుంబం చేసే లెక్కనే కులం, మతం పెద్ద ఎత్తున చేస్తాయి. మన ఆడవాళ్లు మన పరువైతే, ఎదుటివాళ్ల ఆడవాళ్లు వాళ్ల పరువు. దాన్ని తీస్తే వాళ్ల మగవాళ్లు ఓడినట్టు. దేశ విభజన సమయంలో సరిహద్దుకు రెండువైపులా వేల మంది స్త్రీలు అపహరణకు, అత్యాచారానికి గురైంది ఈ తర్కంతోనే. 'మన ఆడవాళ్లు వాళ్ల చేతికి చిక్కకూడదు' అని సొంత ఇంటి మగవాళ్లే కొందరిని చంపింది కూడా దీనితోనే.

సూరత్ కూడా ఆ మచ్చను మోసింది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత నగరంలో చెలరేగిన అల్లర్లలో దాదాపు రెండు వందల మంది మరణించారు. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. వలస కార్మికులుండే శివారు కాలనీల్లో మహిళలపై సామూహిక అత్యాచారాలు జరిగాయి. అంతకుముందు పెద్దగా మత కలహాలు ఎరగని వర్తక నగరం ఇంత దారుణాన్ని ఎలా కన్నదా అని సూరత్ కార్మికులపై దశాబ్దాలు పరిశోధన చేసిన డచ్ సామాజికవేత్త యాన్ బ్రెమన్ సహా పలువురు ప్రశ్నించారు.

పదేళ్లకు, 2002 గుజరాత్ అల్లర్లలో దాహోద్ జిల్లాలో బిల్కిస్ బానోపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె మూడేళ్ల కూతురు సహా కుటుంబ సభ్యులు హతమయ్యారు. ఆ కేసులో యావజ్జీవం పడిన 11 మంది 2022 ఆగస్టు 15న శిక్ష తగ్గింపుతో విడుదలైనప్పుడు వారికి పూలదండలు పడ్డాయి, మిఠాయిలు తినిపించారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి వారిని తిరిగి జైలుకు పంపింది. తీర్పుతో శిక్ష తిరిగి వచ్చింది. ఆ దండలు వేసిన చేతులకు మాత్రం ఏ తీర్పూ వర్తించదు.

నోరు నొక్కేదీ అదే

పరువు చంపడంతో ఆగదు. చంపడానికి ముందు నోరు మూయిస్తుంది. వెంటపడుతున్నాడని ఆడపిల్ల చెబితే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న 'నీ వెంటే ఎందుకు పడ్డాడు' అని. రెండో నిర్ణయం కాలేజీ మాన్పించడం. పోలీసు స్టేషన్ ఆఖరి మెట్టు. ఫిర్యాదు చేస్తే రేపు పెళ్లి కాదేమోనన్న భయంతో పెద్దమనుషుల సమక్షంలో మాట తీసుకుని వదిలేసే కుటుంబాలు ఎన్నో. పాసోదరా కేసులోనూ రెండు కుటుంబాల మధ్య మందలింపులతోనే వ్యవహారం నడిచిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అలా వదిలేయడం కన్నవారి నేరం కాదు. తమను అవమానించే వ్యవస్థ కంటే తమవాళ్ల మాటను నమ్మడం వారికి సహజం. కానీ ఆ మౌనం వేధించేవాడికి ధైర్యమిస్తుంది.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ మౌనాన్ని అంకెల్లో పట్టుకుంది. శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్న మహిళల్లో ఎవరి సాయమైనా కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది సాయం కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. పెళ్లయినవారిలో భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పినవారు గుజరాత్‌లో 14 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో దాదాపు 37 శాతం. గుజరాత్ నయమని ఈ అంకెను చూసి సంబరపడనక్కర్లేదు. సర్వేకు దొరికేది చెప్పగలిగిన హింసే.

తెలుగు పాఠకులను ఉలిక్కిపడేలా చేయాల్సిన అంకె మరొకటుంది. ఏదో ఒక కారణంతో భర్త భార్యను కొట్టడం సబబేనని అంగీకరించిన మహిళలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ సుమారు 84 శాతం. సర్వే జరిగిన రాష్ట్రాల్లో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. అత్తమామలను గౌరవించకపోవడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం జనం ఒప్పుకునే కారణాల్లో ముందువరసలో ఉన్నాయి. అంటే ఇక్కడ దెబ్బ కోపం కాదు, క్రమశిక్షణ. పరువు పాఠం మగవాడికే కాదు, దెబ్బలు తినేవారికి కూడా అంత బాగా వంటబట్టింది.

చట్టం ఎవరి పక్షం

పరువు హత్యల్లో గౌరవమనేది ఏ కోశానా లేదని, అవి ఆటవిక హత్యలేనని సుప్రీంకోర్టు 2006లోనే లతాసింగ్ కేసులో తేల్చి చెప్పింది. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో మరో అడుగు వేసింది. యుక్తవయస్కులైన ఇద్దరు పెళ్లి చేసుకోవడానికి కుటుంబం, కులం, ఊరి పెద్దల సమ్మతి అవసరం లేదని, బెదిరింపులున్న జంటలకు జిల్లాల్లో రక్షణ గృహాలు, ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. పరువు నేరాలకు ప్రత్యేక కేంద్ర చట్టం కోసం లా కమిషన్ 2012లో ముసాయిదా ఇచ్చినా అది పార్లమెంటు గడప దాటలేదు.

రాజకీయం మాత్రం ఎదురు దిశలో నడిచింది. ప్రేమ వివాహాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేయాలన్న డిమాండు గుజరాత్ పాటీదార్ సంఘాల్లో కొన్నేళ్లుగా వినిపిస్తోంది. రాజ్యాంగం అనుమతిస్తే పరిశీలిస్తామని 2023 జూలైలో మెహసానా సభలో ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్ ప్రకటించారు. మతాంతర వివాహాలపై 2021లో రాష్ట్రం తెచ్చిన సవరణ చట్టంలోని పలు సెక్షన్లు బలవంతం, ప్రలోభం, మోసం లేని పెళ్లిళ్లకు వర్తించకుండా అదే ఏడాది ఆగస్టులో గుజరాత్ హైకోర్టు నిలిపివేసింది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడాలంటే నేటికీ 30 రోజుల ముందు నోటీసు బహిరంగంగా అంటించాలి. పారిపోయిన జంట జాడ వెతికే బంధువులకు అంతకంటే చక్కని చిరునామా ఏముంటుంది?

కూతుళ్లు మోసపోతారన్న తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయలేం. మోసం చేసే మగవాళ్లున్నారు, వంచనకు గురైన అమ్మాయిలున్నారు. కానీ ఆ భయానికి మందు ఆమె సంతకాన్ని తండ్రికి అప్పగించడం కాదు. పాసోదరా యువతి 'కాదు' అన్న మాటకు విలువ ఉండాలని కోరినవారే, మరో యువతి 'అవును' అన్న మాట చెల్లదనడం ఎలా కుదురుతుంది?

ఉరిశిక్ష, ఎన్‌కౌంటర్ ఇచ్చే సంతృప్తిలోనూ ఇదే చిక్కు ఉంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు మూడు రోజులకే పోలీసు కాల్పుల్లో మరణించారు. పోలీసులకు జేజేలు పలికారు. బాధితుల్లో ఒకమ్మాయి నెల తిరక్కుండానే కన్నుమూసింది. మన ఆడపిల్లల జోలికి వచ్చినవాడిని మన మగవాళ్లు మట్టుబెట్టారన్న కథలో కూడా ఆడపిల్ల కాపాడాల్సిన సొత్తుగానే మిగిలింది. వెంటపడి వేధించడం 2013లో నేరంగా చట్టంలోకి ఎక్కింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ మొదటిసారి చేస్తే బెయిలు దొరికే నేరంగానే కొనసాగుతోంది. హత్య జరిగాక మూడు నెలల్లో తీర్పు చెప్పగల వ్యవస్థకు, హత్యకు ముందు నెలల తరబడి సాగిన వేధింపు కనబడకపోవడంలోనే అసలు వైఫల్యం ఉంది.

నర్మద్ ఊరు, వీరేశలింగం ఊరు

పరువు అంటే ఏమిటన్న వాదం సూరత్‌కు కొత్త కాదు. 1844లోనే దుర్గారామ్ మెహతాజీ ఇక్కడ మానవధర్మ సభ పెట్టి కులాచారాలను ప్రశ్నించాడు. సూరత్‌లో పుట్టిన కవి నర్మద్ 1860లో బొంబాయిలో ఒక మఠాధిపతితో వితంతు వివాహంపై బహిరంగంగా వాదించాడు. 1869లో తానే ఒక వితంతువును పెళ్లాడాడు. అప్పటికే ఇంట్లో భార్య డాహీగౌరి ఉందన్నది ఆ ధైర్యగాథకు మరో పార్శ్వం. గోదావరి ఒడ్డున కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వెలి బెదిరింపులు ఎదుర్కొన్నాడు. వితంతువు మళ్లీ పెళ్లాడితే వంశం పరువు పోతుందని నాడు గట్టిగా నమ్మినవారి మునిమనవళ్లు నేడు ఆ మాటను నమ్మలేనంత వింతగా చూస్తారు. పరువుకు అర్థం మారుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే అది తనంతట తాను మారలేదు. ఎవరో ఒకరు వెలికి సిద్ధపడి మార్చారు.

ఇప్పుడు మారాల్సింది అంతకంటే చిన్నదే. గుజరాత్ అంతటా 2015 మార్చి నుంచి 181 అభయం హెల్ప్‌లైన్ ఉంది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. ఆ నంబరు ఆడపిల్ల ఫోన్‌లో ఉండటం ఒక ఎత్తు. దానికి ఫోన్ చేసిన కూతురి పక్కన తండ్రి నిలబడి, ఇందులో మన పరువు పోయిందేమీ లేదు, పోతే వాడిదే పోవాలని ఊరి ముందు అనగలగడం ఇంకో ఎత్తు. కాదన్నప్పుడు ఆ మాట అనగలిగిన తండ్రి, రేపు ఆమె అవునన్నప్పుడు కూడా అనగలగాలి. అసలు పరీక్ష అక్కడే ఉంది.